మార్కులు వేయని కాగితం

గద్వాలకు ఇవతల, పెద్దరోడ్డు మీద నుంచి కొంచెం లోపలికి పోతే అద్దె భవనంలో నడిచే ఒక బాలికల గురుకులం ఉంది. ఎస్తేరు అక్కడ ఎనిమిదేళ్లుగా తెలుగు చెబుతోంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో కొత్తగా కాగితం రావాలి. అది వచ్చేదాకా ఉద్యోగం ఉన్నట్టూ కాదు, ఊడినట్టూ కాదు. ముప్పై ఎనిమిదేళ్ల ఒంటరి మనిషి. బడికి దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. పిల్లలకు ఆమెంటే భయం. ఒత్తు పోయినా, దీర్ఘం జారినా ఊరుకోదు, అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తుంది. అయినా సాయంత్రం ఆమె పుస్తకం తెరిచిందంటే చాలు, పదో తరగతి పిల్లలు ముప్పై నలుగురూ వసారాలో కిక్కురుమనకుండా కూర్చుంటారు.

ఆ ఏడు జనవరిలో ఆమె తెరిచింది ఒక చిన్న నవల. ఎవరో దానమిచ్చిన పాత పుస్తకాల పెట్టెలో దొరికింది. అట్ట ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలు లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలియదు. అందులోని పిల్ల పేరు సాలమ్మ కాబట్టి పిల్లలే దానికి ‘సాలమ్మ నవల’ అని పేరు పెట్టుకున్నారు. సాలమ్మకు పన్నెండేళ్లు. తండ్రి నదిలో పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, నడుపుతాడు. ఒక వానాకాలం అతను నీళ్లలో పోతాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, సాలమ్మకు తప్ప. పిల్ల తట్టుకోలేదని ఇంటివాళ్లు దాచిపెడతారు. అవతలి ఒడ్డున పని దొరికింది, పండుగకు వస్తాడు అని చెబుతారు. సాలమ్మ ఏడాది పొడుగునా ఎదురుచూస్తూనే పెద్దదవుతుంది.

ఒక్కటే పుస్తకం, కాబట్టి రోజుకొక అధ్యాయం ఎస్తేరే చదివి వినిపించేది. పూర్తయ్యాక ఎవరికి తోచింది వాళ్లు ఒక కాగితం మీద రాసివ్వాలి. దానికి ఇరవై మార్కులు. పరీక్షలు దగ్గరికొస్తుంటే ఈ కథలేమిటని ప్రిన్సిపాల్ రెండుసార్లు అడిగింది. మార్కులున్నాయని చెప్పి ఎస్తేరు తప్పించుకుంది.

నిజానికి ఆ నవలను ఆమె ఊరికే ఎంచుకోలేదు. ఆమె తండ్రి సామ్యూల్ ధరూర్ పక్క పల్లె నుంచి మట్టిపనికి పోయే గుంపులో మనిషి. ఏడాదికి ఎనిమిది నెలలు ఎక్కడో కాలువ తవ్వుతూ ఉండేవాడు. పెద్దకొడుకు ప్రభుదాసును కూడా పనికి తీసుకుపోయేవాడు. ఎస్తేరు హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్నప్పుడు గుంత కూలి ప్రభుదాసు పోయాడు. ఆమెకు పరీక్షలని ఎవరూ చెప్పలేదు. అన్నను పూడ్చిపెట్టిన రోజు సాయంత్రం ఆమె బడి వార్షికోత్సవంలో తలనిండా పూలు పెట్టుకుని కోలాటం ఆడింది. పదకొండు రోజుల తర్వాత ఇంటికి పోతే, అన్న చొక్కా తమ్ముడి ఒంటి మీద కనిపించింది. అలా తెలిసింది. పరీక్షలో మండలానికి మొదటిది వచ్చింది. ఆ మార్కుల కాగితాన్ని తల్లి మడతపెట్టి బైబిల్లో దాచుకుంది. ఎస్తేరు దాన్ని ఒక్కసారి కూడా తీసి చూడలేదు. అన్న గురించి గానీ, ఆ పదకొండు రోజుల గురించి గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. సాలమ్మ దొరికాక, తాను నోటితో చెప్పలేనిది ఈ పుస్తకం చెబుతుందనుకుంది.

నవల సగానికొచ్చింది. అప్పుడు, ఫిబ్రవరి మొదటి వారంలో ఒక బుధవారం, గేటు దగ్గరికి ఈదమ్మ వచ్చింది.

ఈదమ్మ పదో తరగతి చదివే సౌందర్యకు నాయనమ్మ. తల్లిదండ్రులు పూణె పక్క కట్టడాల పనికి పోతారు కాబట్టి పిల్లను చూడ్డానికి ఎప్పుడూ ఆమే వచ్చేది, అదీ రెండో ఆదివారం మాత్రమే. ఇవాళ బుధవారం. చేతిలో సజ్జరొట్టెల మూట లేదు. పిల్లను పిలవొద్దని వాచ్‌మెన్‌తో ముందే చెప్పి, నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి పోయింది. క్లాస్ టీచరు కాబట్టి ఎస్తేరును కూడా పిలిపించారు.

ఈదమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"మా కోడలు పాయె బిడ్డా. శనివారం నాడు. గోడ మీద పడ్డదంట. సోమారం తెచ్చిన్రు, సోమారమే మన్నుజేసినం."

తేరుకుని ఎస్తేరు అడిగింది, "పిల్లకు ఎందుకు కబురు చెయ్యలేదు అవ్వా? ఆఖరుసారి చూసుకునేది గదా."

"నేనే వద్దన్న." ఈదమ్మ కళ్లు తుడుచుకోలేదు. "ఇంట్ల ఇద్దరు సిన్నపోరగాండ్లున్నరు. ఇది ఇప్పుడు ఇంటికొస్తె మల్ల రాదు. వాళ్ల నాయన పంపడు. వంటకు, పిల్లలకు దీన్నే పెడ్తడు. మా కోడలు నోరు తెరిస్తె ఒక్కటే మాట, నా బిడ్డ పది పాస్ గావాలె అని. పరీచ్చలు అయిందాంక చెప్పకుండ్రి. మీ కాల్మొక్త."

ప్రిన్సిపాల్ చెడ్డ మనిషి కాదు. ఆమె కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఇంటిపెద్దే వద్దంటున్నప్పుడు మనం చెప్పడం సరికాదని, నలభై రోజులు ఓర్చుకుంటే పిల్ల గట్టెక్కుతుందని అంది. ఇద్దరూ ఎస్తేరు వైపు చూశారు. ఎస్తేరుకు ఒక్కసారిగా తమ్ముడి ఒంటి మీది చొక్కా గుర్తొచ్చింది. దాచొద్దని చెప్పాలి. కానీ ఈదమ్మ చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఇంటికి పోయి తిరిగిరాని పిల్లలను ఈ ఎనిమిదేళ్లలో ఆమె ఎంతమందిని చూడలేదు! ఒకరు పత్తిచేనుకు, ఒకరు పెళ్లికి.

"సరే" అంది.

ఆ సాయంత్రం వసారాలో పిల్లలు కూర్చున్నారు. సౌందర్య ఎప్పటిలాగే ముందు వరుసలో, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఉంది. చామనఛాయ, పలుచటి మనిషి, మాట తక్కువ. ఎస్తేరు పుస్తకం తెరిచింది. ఆ రోజు చదవాల్సిన అధ్యాయం మొదటి వాక్యం చూసింది. 'పుట్టి ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి సాలమ్మకు చెప్పొద్దని నాయనమ్మ అందరి చేతా ఒట్టు వేయించుకుంది.' చదవలేకపోయింది. పుస్తకం మూసేసింది.

"ఇక కథలు చాలు. రేపటి నుంచి ఈ టైములో వ్యాకరణం."

పిల్లలు గొల్లుమన్నారు. రేణుక అనే గద్వాల నేతగాళ్ల పిల్ల నోరున్నది. లేచి, "ఇంకా సగముంది మేడం, మరి మార్కులు?" అంది. ఇప్పటిదాకా విన్నదాని మీదే రాయమని చెప్పి ఎస్తేరు పుస్తకాన్ని స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టింది. తాళం మాత్రం వేయలేదు. అలవాటు లేదు.

తర్వాతి రెండు వారాలు ఎస్తేరు ముళ్ల మీద నడిచినట్టు నడిచింది. సౌందర్యను చూడాలంటే భయం, చూడకపోతే అనుమానమొస్తుందని భయం. ఆ పిల్ల సంధి తప్పు రాస్తే తిట్టబోయి ఆగిపోయింది. మధ్యాహ్నం వంట ఎంకమ్మ, ఆమెకెవరు చెప్పారో, సౌందర్య పళ్లెంలో రెండో గుడ్డు వేసింది. అది చూసి ఎస్తేరు గబగబా స్టాఫ్‌రూమ్‌లోకి పోయింది. ఫోను రోజున పిల్లలు వరుసలో నిలబడి ఇళ్లకు మాట్లాడుతుంటే ఆమె కిటికీ పక్క నిలబడి విన్నది. సౌందర్య ఫోన్లో, "అమ్మకియ్యి నాయనా... మల్ల పనికి పోయిందా? ఆదివారం గూడానా?" అని అడిగి, కాసేపు విని, మెల్లగా పెట్టేసింది. పక్కకు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడింది. వెనక పిల్ల జరగమంటే జరిగింది.

ఫిబ్రవరి మూడో వారం, గురువారం నాడు పిల్లలు కాగితాలిచ్చారు. శనివారం సాయంత్రానికి మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి. శుక్రవారం మధ్యాహ్నం ఎస్తేరు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. మొదటి కాగితం చదవగానే ఆమెకు అర్థమైంది. పిల్లలు నవలంతా చదివేశారు. బీరువాలోంచి తీసుకుపోయి, చదివి, మళ్లీ అక్కడే పెట్టారు.

శ్రావణి అనే పిల్ల రాసింది: 'సాలమ్మ తమ్మునికి మూడేండ్లు. వానికి అంత తెలుసు, కాని మాటలు రావు. ఈ పుస్తకంల నాకు వాడే నచ్చిండు.' ఇంకొక పిల్లకు సాలమ్మ మీదే కోపం: 'నాయన చెప్పులు ఇంట్లనే ఉన్నయి. చెప్పులు లేకుండ ఎవరన్న పనికి పోతరా? దానికి తెలుసు. తెలిసీ తెలవనట్టు చేసింది. నేనైతే గట్లనే చేస్త.' రేణుక రెండు పేజీలు నింపింది. చివర్లో సాలమ్మ నాయనమ్మను క్షమించడం అబద్ధమట. 'రాసినాయనకు కథ తొందరగ అయిపోవాలని ఉండె. లేకుంటె అంత జల్ది కోపం పోతదా?' ఒక పిల్ల మూడే ముక్కలు రాసింది: 'మా నాయన తాగి పోయిండు. మాకు ఎవరు దాచలేదు. దాస్తె బాగుండు అనిపించింది.' ఎస్తేరుకు ఆ కాగితం మీద మార్కు వేయడానికి చాలాసేపు పట్టింది.

సౌందర్య కాగితం ఇరవై మూడోది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

'సాలమ్మకు నాయన పోయినంక అందరు మంచిగ చేసిన్రు. ఎవరు తిట్టలే. బువ్వ ఎక్కువ పెట్టిన్రు. అది చూసి దానికి డౌటు రావాలె. నాకు గూడ రెండు వారాల సంది అందరు మంచిగ చేస్తున్నరు. ఎంకమ్మక్క రెండు గుడ్లు వేస్తుంది. మీరు తిడ్తలేరు. మా నాయన ఫోన్ల ఎప్పుడు కోపంగ మాట్లాడ్తడు, ఇప్పుడు బువ్వ తిన్నవా బిడ్డా అంటున్నడు. అమ్మ మాట్లాడి మూడు ఆదివారాలైంది. మేడం, నేను ఎవరిని అడగ. ఏం లేకుంటె ఈ పేపరు మీద మార్కులు వేసి ఇయ్యండి. ఏమన్న ఉంటె మార్కులు వెయ్యకండి.'

ఎస్తేరు చేతిలోని పెన్ను కింద పెట్టింది. మళ్లీ పట్టుకుంది. ఇరవైకి పద్దెనిమిది అని రాస్తే చాలు, నలభై రోజుల్లో మిగిలిన రోజులు గడిచిపోతాయి. పిల్ల పరీక్ష రాస్తుంది. ఆ పద్దెనిమిదిని నమ్ముతుంది కూడా. నమ్మాలని ఉంది కాబట్టే అలా అడిగింది. కిటికీలోంచి చూస్తే చేతిపంపు దగ్గర సౌందర్య బట్టలు పిండుతోంది. ఒక్కసారి తలెత్తి స్టాఫ్‌రూమ్ వైపు చూసి, మళ్లీ దించుకుంది.

ఎస్తేరు కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయింది. ఆమె చదివింది, రెండుసార్లు చదివింది.

"మార్కులు వేసెయ్యండి ఎస్తేరు. పరీక్షలకు మూడు వారాలే ఉంది."

"ఆ పిల్ల నన్ను అడిగింది మేడం. అడిగిన తర్వాత వేస్తే అది అబద్ధం రాసిచ్చినట్టు."

"చెప్తే ఇంటికి పోతుంది. పోతే రాదు. అప్పుడు బాధ్యత ఎవరిది? మీరు తీసుకుంటారా?"

ఎస్తేరు రేపు సెలవు కావాలంది. మార్కుల పని ఎగ్గొట్టి సెలవు పెడితే మెమో ఇవ్వాల్సి వస్తుందని ప్రిన్సిపాల్ చెప్పింది. కోపంతో కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

శనివారం పొద్దున్నే ఎస్తేరు బస్సులో గద్వాల చేరి, అక్కడి నుంచి ధరూర్ వైపు పోయే షేరు ఆటో ఎక్కింది. ఆటో నిండా పల్లికాయ పీకడానికి పోయే ఆడవాళ్లు. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టున్నారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సౌందర్య వాళ్ల ఊరు చేరి ఇల్లు అడిగితే, "గోడవడి సచ్చిపాయె గదా, వాళ్లిల్లా?" అని ఒక ఆమె చెయ్యెత్తి చూపించింది. ఊరందరికీ తెలిసిన మాట.

రేకుల ఇంటి ముందు తండ్రి చిన్నయ్య కూర్చుని తొమ్మిదేళ్ల భాగ్యకు జడ వేస్తున్నాడు. చేతకావడం లేదు. పాయలు జారిపోతుంటే పిల్ల తల విదిలిస్తోంది. ఆరేళ్ల శ్రవణ్ గడప మీద రొట్టె నములుతున్నాడు. ఈదమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. ఎస్తేరును చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"పిల్లకేమన్న అయిందా?"

"ఏం కాలేదు అవ్వా. దానికి తెలిసిపోయింది." ఎస్తేరు సంచిలోంచి కాగితం తీసి చదివి వినిపించింది. వాళ్లిద్దరికీ చదువు రాదు. 'బువ్వ తిన్నవా బిడ్డా అంటున్నడు' అనే చోట చిన్నయ్య చేతిలోంచి జడ జారిపోయింది.

"గా పుస్తకం చదివించిందెవరు?" అన్నాడు. గొంతు పెరగలేదు గానీ దవడ బిగుసుకుంది.

"నేనే అన్నా."

"మీరే పుండు కెలికి, మీరే మందు అడగవస్తిరి. సచ్చింది మా ఇంటి మనిషి. ఎప్పుడు చెప్పాల్నో మాకు తెల్వదా?"

"తెలుసు. కాదంటలేను. కాని అది ఇప్పుడు రోజూ నా మొహం చూస్తున్నది. నా మొహంల చదువుకుంటున్నది. ఇగ నాతోటి కాదు. మీరు చెప్పాలె, లేకుంటే నన్ను చెప్పనియ్యాలె."

"చెప్తె ఇంటికొస్తది. రానియ్యండి." చిన్నయ్య లేచి నిలబడ్డాడు. "మా అమ్మకు కండ్లు సరిగ్గ కనిపిస్తలేవు. మొన్న సలసల కాగే గంజి పిల్లగాని కాలు మీద ఒంపింది. నేను మల్ల పనికి పోకుంటె ఈ నోర్లకు ఎట్ల? పది పాసైతె ఏమొస్తది మేడం, సచ్చిపోయినామె లేచొస్తదా?"

శ్రవణ్ కాలికి కట్టు ఉంది. ఎస్తేరుకు దాని మీద నుంచి చూపు మరల్చుకోవడం కష్టమైంది. నచ్చజెప్పే మాటలు దారిపొడుగునా పేర్చుకుని వచ్చింది, వాటిలో ఒక్కటీ ఇక్కడ చెల్లేటట్టు లేదు. చివరికి ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మా అన్న పోయినప్పుడు నాకు పదకొండు రోజులు చెప్పలేదు అన్నా. పరీక్షలని. నేను పాసైన. మా అమ్మానాయన మంచికే చేసిన్రు. కాని మా నాయన సచ్చిందాంక ఆయన ఏం చెప్పినా నాకు నమ్మబుద్ధి కాలేదు. దవాఖానల పండుకొని, నాకేం కాలేదు బిడ్డా అన్నడు. అది గూడ నమ్మలే. ఆ ఒక్కసారి నిజమే చెప్పిండు, ఇంకో ఆరేండ్లు బతికిండు. అయినా నమ్మలే."

చిన్నయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నా నోట్లెకెల్లి రాదు మేడం" అన్నాడు. "గా మాట నేను చెప్పలేను."

ఈదమ్మ పొయ్యిలో నీళ్లు చల్లి మంట ఆర్పింది. కొంగు దోపుకుంది. "చెప్పొద్దన్నది నేను. నేనే చెప్త. నడువు బిడ్డా."

బడికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లైబ్రరీ అని పిలుచుకునే చిన్న గదిలోకి సౌందర్యను పిలిచారు. గడపలోకి రాగానే నాయనమ్మను చూసింది. తర్వాత బల్ల మీది కాగితాన్ని చూసింది. దాని మీద ఎర్ర సిరా ఎక్కడా లేదు. అక్కడే నిలబడిపోయింది.

ఈదమ్మ ఏదో చెప్పబోయి, "మీ అమ్మ..." అని ఆగిపోయింది. చెప్పొద్దన్న నోటికే ఆ మాట రాలేదు. ఎస్తేరు అందుకుంది. అమ్మ చనిపోయిందని, గోడ కూలిందని, ఊళ్లోనే మట్టి చేశారని, ఒక్కొక్క మాటా తేటగా, తిప్పకుండా చెప్పింది.

సౌందర్య ఏడవలేదు. "ఏ దినం?" అని అడిగింది.

"శనివారం. జనవరి ఆఖరి శనివారం."

ఆ పిల్ల వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "తెల్లారి ఆదివారం. చికెన్ పెట్టిన్రు. నేను రెండుసార్లు వేయించుకున్న." ఇంకా లెక్క పెడుతూనే ఎస్తేరు వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలుసు మేడం?"

"మీ అవ్వ వచ్చిన బుధవారం."

"పద్దెనిమిది దినాలు." సౌందర్య లెక్క పెట్టడం ఆపింది. "పద్దెనిమిది దినాలు నాతోటి పద్యాలు అప్పజెప్పించుకున్నరు."

"అవును" అంది ఎస్తేరు. నీ మంచికే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

అప్పుడు సౌందర్య నేల మీద కూలబడి నాయనమ్మ కాళ్ల మధ్య తల పెట్టుకుంది. ఆ ఏడుపు డార్మిటరీ దాకా వినిపించింది. బయట గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగి ఉంది. చిన్నయ్య ఆటో వెనకాలే వచ్చాడు. లోపలికి రాలేదు. బండి దిగలేదు. కూతురు బట్టల సంచితో బయటికి వచ్చినప్పుడు, దాని మొహం చూడలేక హ్యాండిల్ కేసి చూస్తూ కూర్చున్నాడు. ముగ్గురూ ఒకే బండి మీద పోయారు. తిరిగి పంపుతానని గానీ, పంపనని గానీ అతను అనలేదు.

సోమవారం ఎస్తేరుకు మెమో వచ్చింది. మార్కులు గడువులో ఎక్కించనందుకు, అనుమతి లేకుండా పిల్ల ఇంటికి పోయినందుకు. సంజాయిషీ రాసిచ్చింది. మెమో కంటే పిల్లల మౌనం ఎక్కువ బాధపెట్టింది. పాఠం వింటున్నారు, అడిగితే చెబుతున్నారు, అంతే. నాలుగో రోజు రేణుక నోట్సు దిద్దించుకోవడానికి వచ్చి, "నవల ఆపింది మా పరీక్షల కోసం కాదు గదా మేడం" అంది. కాదని ఎస్తేరు ఒప్పుకుంది. రేణుక పుస్తకం తీసుకుని పోయింది.

వారమైంది. చిన్నయ్య ఫోను కలవలేదు. పదిరోజులైంది. హాల్‌టికెట్లు వచ్చాయి. ముప్పై ముగ్గురు సంతకాలు పెట్టి తీసుకున్నారు. ఒకటి ఆఫీసు సొరుగులో ఉండిపోయింది. ఎస్తేరు రోజూ ఏదో పని పెట్టుకుని ఆఫీసులోకి పోయి, అది అక్కడే ఉందని చూసుకుని వచ్చేది. ప్రిన్సిపాల్ ఏమీ అనేది కాదు. అనకపోవడమే అన్నట్టుండేది. తాను చేసింది తప్పేమోనని, తన అన్న బాధను ఈ పిల్ల నెత్తిన రుద్ది దాని చదువు కొట్టేశానేమోనని, ఎస్తేరు రాత్రుళ్లు తనతో తాను వాదించుకునేది. తల్లి కోరిక ఆ ఒక్కటే కదా. దాన్నే తాను చెడగొట్టిందా?

పరీక్షలకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం గంట కొట్టే వేళకు సౌందర్య గేటు ముందు నిలబడి ఉంది. మనిషి సగమైంది. చెయ్యి పట్టుకుని భాగ్య.

"నాయన మల్ల పోయిండు" అంది ప్రిన్సిపాల్‌తో. "నేనే ఒప్పించిన. తమ్ముడు అవ్వతోటి ఉంటడు. మా చిన్నత్త పొద్దుమాపు వచ్చి వండి పెడ్తది. ఇది మాత్రం నన్ను ఇడుస్తలేదు. ఇడిచి వస్తుంటె నేను గూడ వస్తనని, ఆటో ఎక్కుతనని గోల చేసింది. పరీక్షలయ్యేదాంక ఇక్కడ ఉండనియ్యండి."

బయటి పిల్లను బడిలో ఉంచే వీల్లేదు. ప్రిన్సిపాల్ తల పట్టుకుంది. ఎస్తేరు భాగ్య చేతిలోని సంచి అందుకుని, "నా రూముల ఉంటది" అంది. సౌందర్య ఆమె వైపు చూడకుండానే, "రాత్రిపూట పక్క తడుపుతది. కొత్తగ అలవాటైంది. తిట్టకండి" అని చెప్పి ఆఫీసులోకి హాల్‌టికెట్ కోసం పోయింది.

పదిహేను రోజులకు పైగా భాగ్య ఆ గదిలోనే ఉంది. ఎస్తేరు పొద్దున్నే జడ వేసి, బడికి తీసుకొచ్చి, ఎంకమ్మ దగ్గర కూర్చోబెట్టేది. ప్రిన్సిపాల్ చూసీ చూడనట్టు ఊరుకుంది. పరీక్ష నుంచి రాగానే సౌందర్య వచ్చి చెల్లెలిని చూసుకునేది. ఎస్తేరుతో కావాల్సిన మాటే తప్ప ఇంకొకటి మాట్లాడలేదు. ఆఖరి పరీక్ష రోజున చెల్లెలి చెయ్యి పట్టుకుని, "పోతున్నం మేడం" అంది. అంతే.

మే నెలలో ఫలితాలొచ్చాయి. సౌందర్య పాసైంది. లెక్కల్లో అంచున పాసైంది, తెలుగులో తరగతికి రెండోది. ఎస్తేరుకు కాంట్రాక్టు కాగితం ఆ ఏడు జూలై దాకా రాలేదు. వచ్చినప్పుడు నాగర్‌కర్నూల్ వైపు ఇంకో బడికి వేశారు. మెమో వల్లనా, మామూలు బదిలీయా అన్నది ఎవరూ చెప్పలేదు. గది ఖాళీ చేసి పోయింది. సౌందర్య వనపర్తిలో ఇంటర్‌లో చేరిందని రేణుక చెబితే తెలిసింది. తనకు తానుగా ఫోను చెయ్యాలని చాలాసార్లు అనుకుంది, చెయ్యలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"మేడం, నేను సౌందర్యను. ఇంటర్‌నెట్ కాడ ఉన్న. భాగ్యకు ఐదో తరగతి గురుకులం పరీక్షకు ఫారం నింపుతున్న. జర చెప్తరా?"

ఎస్తేరు ఉతుకుతున్న బట్టలు వదిలేసి గదిలోకి వచ్చి కూర్చుంది. ఆధార్ నంబరు, కులం కాగితం, ఆదాయం కాగితం, ఫోటో సైజు, ఒక్కొక్కటీ చెప్పింది. సౌందర్య అటు పక్క దుకాణం వాడితో మాట్లాడుతూ, ఇటు అడుగుతూ ఉంది. ఒక చోట ఆగింది.

"తల్లి పేరు అని ఉంది మేడం."

"ఊఁ."

"పేరు ముందట ఏమన్న పెట్టాల్నా? లేదు అని రాయాల్నా?"

"ఏం పెట్టక్కర్లేదు. పేరు రాయి."

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "నర్సమ్మ" అని సౌందర్య ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ దుకాణం వాడికి చెప్పింది. రకు స ఒత్తు వాడు తప్పు కొట్టినట్టున్నాడు, దిద్దించింది. తర్వాత తండ్రి పేరు, ఊరు, మండలం. అన్నీ అయ్యేదాకా ఫోను పెట్టలేదు. నింపిన ఫారాన్ని మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించి, తప్పులేమన్నా ఉన్నాయా అని అడిగింది.

లేవని ఎస్తేరు చెప్పింది.